పట్టు గౌను... పట్టు విడవని చూపు

హత్య జరిగిన గదిలోకి పోలీసు వెళ్లగలడు. ఆ ఇంటి ఆడవాళ్లు తలుపు మూసుకుని మాట్లాడుకునే గదిలోకి వెళ్లలేడు. ఆ రెండో గదిలోకి వెళ్లడానికే కథల్లో పుట్టింది లేడీ డిటెక్టివ్. ఖరీదైన గౌను, ముత్యాల హారం, చెదరని చిరునవ్వు... చూసేవాళ్లకు అవి సింగారం, ఆమెకు పనిముట్లు. నూట అరవై ఏళ్లుగా చిన్న కథల్లో నేరగాళ్ల ఆట కట్టిస్తున్న ఆ సొగసరుల గురించే ఈ కథనం.

లండన్‌లో ఓ కౌంటెస్ భవనం. అర్ధరాత్రి దాటింది. ఆ ఇంట్లో పనిమనిషిగా చేరిన మిసెస్ పాస్కల్ మాత్రం నిద్రపోలేదు. యజమానురాలు మగవేషం వేసుకుని, ముఖానికి ముసుగు తగిలించుకుని చడీచప్పుడు లేకుండా మెట్లు దిగడం చూసింది. వెంబడించింది. కింద నేలలో ఓ కంత, దాంట్లోకి దిగడానికి నిచ్చెన. కౌంటెస్ అవలీలగా దిగిపోయింది. మిసెస్ పాస్కల్‌కే చిక్కొచ్చిపడింది. ఆ కాలపు ఆడవాళ్లు గౌను గుండ్రంగా నిలబడటానికి లోపల ఓ గట్టి చట్రం తొడుక్కునేవాళ్లు. దాన్ని క్రినోలిన్ అంటారు. అంత వెడల్పాటి చట్రంతో ఆ కంతలో పట్టే ప్రసక్తే లేదు. ఆమె క్షణం కూడా తటపటాయించలేదు. క్రినోలిన్ విప్పి పక్కన పడేసి నిచ్చెన దిగింది. ఆ దారి పోయి పోయి తేలింది బ్యాంకు ఖజానాలో! పైకి ఏ ఆదాయమూ కనిపించకపోయినా మహారాణిలా బతుకుతున్న కౌంటెస్‌కు బంగారం ఎక్కణ్నుంచి వస్తోందో బయటపడింది.

1864లో లండన్‌లో అచ్చయిన ‘రెవెలేషన్స్ ఆఫ్ ఎ లేడీ డిటెక్టివ్’ సంపుటిలోని కథ ఇది. రాసింది విలియం స్టీఫెన్స్ హేవర్డ్ అని చెబుతారు. రైల్వేస్టేషన్లలో అమ్మే చవక పుస్తకాల తరహాలో దాన్ని తెచ్చారు. అట్ట మీద బొమ్మ చూసే సగంమంది కొని ఉంటారు: ఓ అందగత్తె గౌను అంచు కాస్త పైకెత్తి, వేళ్ల మధ్య సిగరెట్ పట్టుకుని నిలబడి ఉంటుంది. మర్యాదస్తుల ఇళ్లలో ఆడవాళ్లు చీలమండ కనిపించనివ్వడమే తప్పయిన రోజులవి. కథలోని మిసెస్ పాస్కల్ నలభైకి దగ్గరపడిన వితంతువు. భర్త పోయాక చేతిలో డబ్బులేక ఈ పనిలోకి వచ్చింది. అట్ట మీది సొగసుకీ లోపలి అవసరానికీ మధ్య ఉన్న ఈ దూరమే లేడీ డిటెక్టివ్ కథలన్నిటికీ మూలం. నేరం ఎవరు చేశారన్నది ప్రతి కథలోనూ తేలిపోతుంది. కానీ ‘ఇంత అందమైన, ఇంత మర్యాదస్తురాలైన మనిషి ఈ పని ఎందుకు చేస్తోంది?’ అన్న ప్రశ్న మాత్రం సంపుటి చివరిదాకా పాఠకుణ్ని వెంటాడుతూనే ఉంటుంది. దానికి ఒక్కో రచయిత ఒక్కో జవాబు కల్పించారు. ఆ జవాబులు వరసగా చదివితే, నేరాల చరిత్ర కంటే ఆడవాళ్ల చరిత్రే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంటిగుట్టు కోసం

మిసెస్ పాస్కల్ పుట్టేనాటికి బ్రిటన్ పోలీసు శాఖలో ఆడ డిటెక్టివ్ అనే మాటే లేదు. అదే ఏడాది ఆండ్రూ ఫారెస్టర్ అనే కలం పేరుతో ‘ద ఫిమేల్ డిటెక్టివ్’ అనే మరో సంపుటి కూడా వచ్చింది. ఊళ్లో లేని ఉద్యోగం మీద ఒకేసారి రెండు పుస్తకాలు రావడం ఊరికే జరగలేదు. నేరం వీధి వదిలి ఇంట్లోకి వచ్చిన కాలమది. అంతకుముందు ఇంగ్లండులో పూర్తిస్థాయి విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. అది శ్రీమంతులకే సాధ్యం. 1857 నాటి చట్టంతో విడాకుల కోర్టు వచ్చింది. దాంతో భర్త సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నాడు, భార్య ఎవరికి ఉత్తరాలు రాస్తోంది అన్నవి సాక్ష్యాలైపోయాయి. వాటిని సేకరించిపెట్టే ప్రైవేటు ఏజెన్సీలు పుట్టుకొచ్చాయి. ఇంటిగుట్టు పనిమనుషులకు తెలుస్తుంది, స్నేహితురాళ్లకు తెలుస్తుంది, నర్సుకూ పిల్లల టీచరుకూ తెలుస్తుంది. వీళ్లంతా ఆడవాళ్లే. బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చే ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే వీళ్ల నోళ్లు మూతపడతాయి.

ఈ సంగతి ఇంగ్లండు కంటే ముందు అమెరికాలో ఓ నిజమైన మనిషి కనిపెట్టింది. 1856లో కేట్ వార్న్ అనే యువ వితంతువు షికాగోలోని అలన్ పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీకి వెళ్లింది. గుమాస్తా పని కోసం వచ్చిందనుకున్నాడాయన. మగవాళ్లు అడుగుపెట్టలేని చోటికి ఆడది వెళ్లగలదని వాదించి ఆమె డిటెక్టివ్ ఉద్యోగమే సంపాదించింది. రెండేళ్లకే అదెంత నిజమో రుజువైంది. ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అనే రవాణా కంపెనీ నుంచి 40 వేల డాలర్లు మాయమయ్యాయి. అనుమానమంతా మారోనీ అనే ఉద్యోగి మీద ఉంది కానీ సొమ్ము జాడ లేదు. కేట్ వార్న్ ‘మేడమ్ ఇంబెర్ట్’ అవతారమెత్తి, దొంగసంతకాల కేసులో ఇరుక్కున్నవాడి భార్యనని చెప్పుకుని మారోనీ భార్యతో స్నేహం కలిపింది. కష్టసుఖాలు పంచుకునేంత దగ్గరయింది. చివరికి సొమ్ము దాదాపు మొత్తం దొరికింది. 1861 ఫిబ్రవరిలో అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి వెళ్తున్న లింకన్‌ను బాల్టిమోర్‌లో చంపే కుట్ర ఉందని అనుమానం వచ్చినప్పుడు, రాత్రి రైల్లో ఆయన్ని ‘జబ్బుపడ్డ అన్నయ్య’గా నమ్మించి దాటించిన బృందంలో ఆమె ఉంది. దక్షిణాది శ్రీమంతురాలిలా విందుల్లో తిరిగి ఆ కుట్ర ఆనవాళ్లు సేకరించిందీ ఆమే.

అంటే సొగసైన లేడీ డిటెక్టివ్ కేవలం రచయితల కల కాదు. మంచి బట్ట కట్టుకుని, మాట కలిపి, నమ్మకం సంపాదించి గుట్టు రాబట్టే పద్ధతి కథల కంటే ముందే పనిచేసింది.

హోమ్స్ పోయాక...

1891లో ‘స్ట్రాండ్’ మాసపత్రిక మొదలైంది. ఆ ఏడాది జులై నుంచి షెర్లాక్ హోమ్స్ చిన్న కథలు అందులో రావడం, లండన్ అంతా ఊగిపోవడం తెలిసిందే. సీరియల్ నవల అయితే ఒక సంచిక తప్పితే కథ తెగిపోతుంది. హీరో ఒకడే ఉండి ప్రతి నెలా కథ పూర్తయితే ఎప్పుడు కొన్నా నష్టం లేదు. పత్రికలవాళ్లకు ఈ కిటుకు దొరికింది. 1893 డిసెంబరులో కానన్ డాయిల్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసేసరికి ఖాళీ అయిన కుర్చీ కోసం పోటీ మరింత పెరిగింది. హోమ్స్‌కు భిన్నంగా కనిపించాలంటే తేలికైన దారి ఒకటుంది: డిటెక్టివ్‌ను ఆడమనిషిని చేయడం!

ఆ వరసలో మొదట చెప్పాల్సింది కేథరిన్ లూయిసా పిర్కిస్ సృష్టించిన లవ్‌డే బ్రూక్. 1893లో ‘లడ్‌గేట్’ పత్రికలో మొదలై, మరుసటేడు పుస్తకంగా వచ్చిన ఏడు కథలు. లవ్‌డే గ్లామర్‌కు ఆమడ దూరం. ముప్పై దాటిన మనిషి. పొడుగూ కాదు, పొట్టీ కాదు. అందగత్తె అని తల తిప్పి చూడరు, కురూపి అని గుర్తుపెట్టుకోరు. నల్లటి సాదా దుస్తులు. ఉన్న డబ్బు పోవడంతో ఫ్లీట్ స్ట్రీట్ పక్క సందులో ఓ ఏజెన్సీలో పనికి కుదిరింది. భర్త లేడు, ప్రేమికుడు లేడు, కన్నీటి గాథ లేదు. ‘ఈ పని ఎందుకు?’ అన్న ప్రశ్నకు ఆమె జవాబు ఒక్కటే... బతుకుతెరువు. ఆ కాలానికి అది ఎంత ధైర్యమైన జవాబో తర్వాత వచ్చినవాళ్లను చూస్తే అర్థమవుతుంది. అన్నట్టు, 1891లో కుక్కల రక్షణకు ఓ సంఘం పెట్టినవాళ్లలో ఈ పిర్కిస్, ఆమె భర్త కూడా ఉన్నారు. ఇప్పటి ‘డాగ్స్ ట్రస్ట్’ అదే.

1897లో జార్జ్ ఆర్. సిమ్స్ రాసిన డోర్కాస్ డీన్ వచ్చింది. పెళ్లికి ముందు ఆమె రంగస్థల నటి. చిత్రకారుడైన భర్తకు చూపు పోతుంది. ఇల్లు గడవాలి. పక్కింట్లో ఉండే రిటైర్డ్ పోలీసు అధికారి కేసుల్లో సాయం చేయమంటాడు. వేషం మార్చడం, గొంతు మార్చడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఈ కథల్లో ముచ్చటైన సంగతి ఇంకోటుంది. కేసు తెగనప్పుడు ఇంట్లో సభ తీరుస్తుంది. సభ్యులు నలుగురు: తాను, చూపులేని భర్త, తల్లి, పెంపుడు బుల్‌డాగ్!

1900లో ఎం. మెక్‌డొనెల్ బాడ్‌కిన్ సృష్టించిన డోరా మిర్ల్ కొత్త తరం అమ్మాయి. కేంబ్రిడ్జిలో లెక్కలు చదివింది, వైద్యపట్టా ఉంది, జేబులో చిన్న రివాల్వరు ఉంటుంది, సైకిలు తొక్కుతుంది. పరుగుతీస్తున్న రైలు పెట్టెలోంచి దొంగ మాయమయ్యే కథ ఒకటుంది. వంపు తిరిగిన చేతికర్రను టెలిగ్రాఫ్ తీగకు తగిలించి రైల్లోంచి బయటికి ఊగాడని పసిగట్టి, సైకిలు మీద తరిమి పట్టుకుంటుంది. 1911లో ‘స్ట్రాండ్’లోనే రిచర్డ్ మార్ష్ రాసిన జూడిత్ లీ కనిపించింది. చెవిటివాళ్లకు పాఠాలు చెప్పే ఆమెకు పెదవుల కదలికను బట్టి మాట చదవడం వచ్చు. హోటల్లో దూరంగా రెండు బల్లల అవతల కూర్చుని గుసగుసలాడే కుట్రదారులు ఆమెను చూసి జాగ్రత్తపడరు. ఆమె వింటోందని ఎవరనుకుంటారు?

పెద్ద టోపీ కింద ముఖం

గ్లామర్‌కు పట్టాభిషేకం చేసింది మాత్రం బారొనెస్ ఆర్ట్సీ. హంగరీలో 1865లో పుట్టి, పదిహేనేళ్ల ప్రాయానికి లండన్ చేరిన ఈ రచయిత్రి పేరు ‘ద స్కార్లెట్ పింపర్నెల్’తో ప్రపంచానికి తెలుసు. 1910లో ఆమె 12 కథలతో ‘లేడీ మోలీ ఆఫ్ స్కాట్లండ్ యార్డ్’ తెచ్చింది. స్కాట్లండ్ యార్డ్‌లో ‘ఫిమేల్ డిపార్ట్‌మెంట్’ ఉందనీ దానికి లేడీ మోలీ ప్రాణమనీ రాసింది. అదంతా కల్పన. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో మహిళల గస్తీ దళం వచ్చింది 1919లో. సీఐడీలో చేరిన తొలి మహిళగా లిలియన్ వైల్స్ పేరు నమోదైంది 1922లో. కథ వాస్తవం కంటే పుష్కరకాలం ముందు నడిచిందన్నమాట.

లేడీ మోలీ ఓ ఎర్ల్ కూతురు. ఆమె నడక, మాట, బట్ట కట్టే తీరు... దేన్నీ అభినయించక్కర్లేదు. పుట్టుకతో వచ్చాయి. కథలన్నీ చెప్పేది మేరీ గ్రానార్డ్. ఒకప్పుడు మోలీకి పనిమనిషి, ఇప్పుడు సహోద్యోగి. హోమ్స్‌కు వాట్సన్‌లాగే మోలీకి మేరీ. కాకపోతే వాట్సన్‌కు అప్పుడప్పుడూ విసుగొస్తుంది. మేరీకి ఆరాధన తప్ప ఇంకోటి తెలియదు.

‘ద ఉమన్ ఇన్ ద బిగ్ హ్యాట్’ కథ ఈ సంపుటికి తలమానికం. లండన్‌లో ఓ టీ దుకాణంలో ఒక పెద్దమనిషి విషం వల్ల చనిపోతాడు. అంతకుముందు అతని ఎదుట ఒకామె కూర్చుని ఉంది. వడ్డించిన అమ్మాయిలను ఎంత అడిగినా వాళ్లకు గుర్తున్నది ఆమె పెట్టుకున్న చాలా పెద్ద టోపీ ఒక్కటే. పోలీసులు అలాంటి టోపీ ఉన్న స్త్రీ కోసం వెతుకుతారు. ఒకామె దొరుకుతుంది కూడా. మోలీ ఆలోచన ఇంకోరకం. నిలబడి వడ్డించే మనిషికి కూర్చున్న స్త్రీ ముఖం కనిపించలేదంటే, టోపీ ఎంత పెద్దదన్నది కాదు, ఆమె ఎంత పొడుగన్నది చూడాలి. పొడగరి అయితే టోపీ కిందనుంచి కూడా ముఖం కనిపిస్తుంది. పొట్టి మనిషైతే గడ్డం తప్ప ఏమీ కనపడదు. అనుమానితురాలు పొడగరి. కేసు తిరగబడింది. ఈ లెక్క కట్టడానికి భూతద్దం అక్కర్లేదు. అలాంటి టోపీలు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డ అనుభవం చాలు. గ్లామర్ ఇక్కడ కేవలం హీరోయిన్ ఒంటి మీద లేదు, ఆధారంలోనే ఉంది.

మోలీ పద్ధతులు అన్నిసార్లూ మెచ్చుకోదగ్గవి కావు. మొదటి కథలోనే, దాక్కున్న తల్లిని బయటికి రప్పించడానికి ఆమె బిడ్డకు జబ్బు చేసిందని పత్రికలో అబద్ధపు వార్త వేయిస్తుంది. బిడ్డ పేరెత్తితే ఏ తల్లి ఆగుతుంది? పథకం పారుతుంది, చదువుతున్నవాడికి మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఆర్ట్సీ రచనలో ఇంకో లోపమూ ఉంది. టోపీ కథలో చేసినట్టు చక్కగా తర్కించే మోలీని పట్టుకుని, చాలాచోట్ల ‘ఆడదాని అంతఃప్రేరణ’ అని తేల్చేస్తుంది. ఆధారం చూపించకుండా మనసుకు తోచిందనడం అపరాధ పరిశోధక కథలో తొండి ఆటే. మేరీ పొగడ్తలు ఓ దశ దాటాక మొహం మొత్తుతాయి. అయినా ఈ 12 కథలు ఇవాళ చదివినా పుస్తకం కింద పెట్టనివ్వవు. పెద్ద ఇళ్లలో వీలునామాల గొడవలు, పరువు కోసం చేసే పాపాలు, పేరున్నవాళ్ల భయాలు ఆమెకు కొట్టినపిండి.

విందు గదిలో గూఢచారి

అట్లాంటిక్ అవతల 1915లో అన్నా కేథరిన్ గ్రీన్ ‘ద గోల్డెన్ స్లిప్పర్’ సంపుటి తెచ్చింది. అప్పటికే ఆమె పెద్ద పేరు. హోమ్స్ కంటే తొమ్మిదేళ్ల ముందు, 1878లోనే ‘ద లెవెన్‌వర్త్ కేస్’ నవలతో అమెరికాను ఊపేసిన రచయిత్రి. కొత్త సంపుటిలో నాయిక వయొలెట్ స్ట్రేంజ్. న్యూయార్క్‌లో కోటీశ్వరుడి కూతురు. చిన్నపాటి ఆకారం, చక్కని చుక్క. డాన్సులకూ విందులకూ ఆమె లేనిదే వెలితి. ఎవరికీ తెలియకుండా ఓ డిటెక్టివ్ సంస్థ ఆమెకు కేసులు అప్పగిస్తుంటుంది. మొదటి కథలో అయిదుగురు ప్రాణస్నేహితురాళ్లు. వాళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడ నగలు మాయమవుతుంటాయి. ఆ అమ్మాయిల మధ్య కూర్చుని నవ్వుతూ, వాళ్లలో దొంగ ఎవరో కనిపెట్టాలి. పోలీసును ఆ గుంపులో ఎలా దింపుతారు? వయొలెట్‌ను దింపక్కర్లేదు. ఆమెకు ఆహ్వానం ముందే వచ్చి ఉంటుంది.

1920ల్లో హల్బర్ట్ ఫుట్నర్ కలం నుంచి మేడమ్ రోజికా స్టోరీ వచ్చేసరికి గ్లామర్ తారస్థాయికి చేరింది. పొడగరి, నల్లని జుట్టు, చూపు తిప్పుకోనివ్వని దుస్తులు, న్యూయార్క్ గ్రామర్సీ పార్కులో పాతకాలపు భవనంలో ఆఫీసు, భుజమెక్కి ఆడుకునే జియానినో అనే పెంపుడు కోతి. కథలు చెప్పేది సెక్రటరీ బెల్లా బ్రిక్లీ. తాను అందగత్తెను కాదని బెల్లాకు తెలుసు. యజమానురాలు గదిలోకి రాగానే మగవాళ్లు తెలివితేటలు మరిచిపోయి తెలివితక్కువ మాటలు మాట్లాడటం ఆమె పక్కన కూర్చుని రాసుకుంటుంది. మేడమ్ స్టోరీ తన అందాన్ని దాచదు, దానికి సంజాయిషీ చెప్పదు. ఎదుటివాడు ఆ అందాన్ని చూస్తున్నంతసేపూ ఆమె అతన్ని చదువుతూ ఉంటుంది.

మిస్ మార్పుల్ లెక్క వేరు

ఇవే రోజుల్లో అగథా క్రిస్టీ ఎదురుదారి పట్టింది. 1927 డిసెంబరులో ఓ చిన్న కథలో మిస్ మార్పుల్‌ను పరిచయం చేసింది. ఆ తరహా 13 కథలు 1932లో ‘ద థర్టీన్ ప్రాబ్లమ్స్’గా వచ్చాయి. ఊలు అల్లుకుంటూ మూల కుర్చీలో కూర్చునే ముసలమ్మను ఎవరూ లెక్కచేయరు. అదే ఆమె బలం. చూస్తే లవ్‌డే బ్రూక్‌కు పెద్దక్కలా ఉంటుంది. మేడమ్ స్టోరీని అందరూ చూస్తారు, మార్పుల్‌ను ఎవరూ చూడరు. ఇద్దరి విషయంలోనూ నేరగాడు చేసే పొరపాటు మాత్రం ఒకటే: ఆడమనిషిని చూశాడు కానీ ఆమె ఆలోచిస్తోందని అనుకోలేదు. గ్లామరైనా ముసలితనమైనా ఈ కథల్లో చేసే పని అదే. ఎదుటివాడి చిన్నచూపును వాడికే ఉరితాడు చేయడం.

ఆఖరి కథలో అసలు రహస్యం

ఇక ఆ పెద్ద ప్రశ్న సంగతి. లేడీ మోలీ ఈ పని ఎందుకు చేసింది? పదకొండో కథలో తెలుస్తుంది. ఆమె రహస్యంగా పెళ్లాడిన కెప్టెన్ హ్యూబర్ట్ చేయని హత్యకు శిక్షపడి డార్ట్‌మూర్ జైల్లో ఉన్నాడు. అతని నిర్దోషిత్వం రుజువు చేయడానికే పోలీసుల్లో చేరింది. పన్నెండో కథలో రుజువు చేస్తుంది. భర్త విడుదలవుతాడు, ఆమె రాజీనామా చేస్తుంది. అంతటితో స్కాట్లండ్ యార్డ్‌కు ఆమె అవసరం తీరిందా అని ఎవరూ అడగరు.

వయొలెట్ స్ట్రేంజ్‌ది ఇంకో దారి. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టిన అక్కకు సంగీతం చెప్పించడానికి రహస్యంగా డబ్బు సంపాదిస్తోంది. ఆ సంగతి చివరి కథలో ఉత్తరం రూపంలో చెప్పుకుని సంసారంలో స్థిరపడుతుంది. డోర్కాస్‌ది గుడ్డి భర్త కోసం పడే తపన. డోరా మిర్ల్‌కైతే రచయిత ఏకంగా తన ఇంకో డిటెక్టివ్ పాల్ బెక్‌తోనే 1909లో పెళ్లి చేసేశాడు. తర్వాతి పుస్తకంలో వాళ్ల కొడుకు డిటెక్టివ్ అయ్యాడు. కేంబ్రిడ్జి చదువు, రివాల్వరు, సైకిలు అన్నీ అటకెక్కాయి.

హోమ్స్‌ను ‘ఎందుకీ పని?’ అని ఎవరూ నిలదీయలేదు. తెలివుంది, చేస్తున్నాడు. అంతే. ఆడమనిషి విషయానికి వచ్చేసరికి తెలివి ఒక్కటే చాల్లేదు. భర్త కోసమో అక్క కోసమో చేస్తున్నానని సాకు చూపించాలి. సాకు తీరగానే పని మానేయాలి. 1864లో మిసెస్ పాస్కల్, 1893లో లవ్‌డే బ్రూక్ ‘డబ్బు కోసం’ అని ధైర్యంగా చెప్పిన మాటను తర్వాతి పాతికేళ్ల సొగసరులు చెప్పలేకపోయారు. ఈ విషయంలో గ్లామర్ ముందడుగు కాదు, వెనకడుగే. హీరోయిన్ ఎంత పెద్దింటి బిడ్డయితే, కష్టపడి సంపాదిస్తోందని ఒప్పుకోవడం రచయితకు అంత కష్టమైంది.

ఈ ముడి విప్పడానికి చాలాకాలం పట్టింది. ఆస్ట్రేలియాలో న్యాయసహాయ సంస్థలో లాయరుగా పనిచేసిన కెర్రీ గ్రీన్‌వుడ్ 1989లో ‘కొకైన్ బ్లూస్’తో ఫ్రైనీ ఫిషర్‌ను ప్రవేశపెట్టింది. 1928 నాటి మెల్‌బోర్న్. కత్తిరించిన నల్లజుట్టు, పట్టు గౌన్లు, ఎర్రని హిస్పానో-సూయిజా కారు, చేతిసంచిలో తుపాకి. కాలింగ్‌వుడ్ పేదవాడలో ఆకలి తెలిసి పెరిగిన పిల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో వారసులు పోవడంతో తండ్రికి హఠాత్తుగా జమీ కలిసొచ్చి సంపన్నురాలైంది. డిటెక్టివ్ పని ఎందుకు చేస్తోంది? నచ్చింది కాబట్టి. భర్త లేడు, కావాలనుకోదు. నవలలతో పాటు ‘ఎ క్వశ్చన్ ఆఫ్ డెత్’ (2007) లాంటి చిన్న కథల సంపుటులూ వచ్చాయి. 2012లో మొదలైన టీవీ సీరియల్‌తో ఫ్రైనీ దేశదేశాలకూ చేరింది. గ్రీన్‌వుడ్ 2025లో కన్నుమూసింది. లేడీ మోలీకి ఉన్నవన్నీ ఫ్రైనీకి ఉన్నాయి, ఒక్క సాకు తప్ప.

పరదా వెనక, పేరంటంలో...

మగవాడు దాటలేని గడప అంటే మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. పరదా వెనక ఉండే వితంతు జమీందారిణుల ఆస్తులు గుమాస్తాల చేతుల్లో కరిగిపోతుంటే, వాళ్లతో నేరుగా మాట్లాడి న్యాయసలహా ఇవ్వడానికి ఓ ఆడ లాయరే కావాల్సి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కార్నీలియా సొరాబ్జీ 1904 నుంచి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ప్రభుత్వ విభాగం తరఫున చేసిన పని అదే. ఆమె జీవితం స్ఫూర్తిగా సుజాతా మాసే ‘ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018) రాసింది. 1921 నాటి బొంబాయిలో పర్వీన్ మిస్త్రీ అనే పార్సీ లాయరు, అంతఃపురంలోని ముగ్గురు వితంతువుల నడుమ జరిగిన హత్యను ఛేదిస్తుంది. బెంగాలీలో ప్రభావతీదేవి సరస్వతి సృష్టించిన కృష్ణ, తర్వాత సుచిత్రా భట్టాచార్య రాసిన మితిన్ మాశీ అక్కడి పాఠకులకు మగ డిటెక్టివ్ ఫెలూదాతో పాటు తెలిసిన పేర్లు.

మరి తెలుగులో? కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నూ అసిస్టెంట్ రాజునూ ఇచ్చారు. మధుబాబు షాడోను ఇచ్చారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ సినిమాగా నవ్వించింది. అద్దె పుస్తకాల షాపుల ముందు ఈ నవలల కోసం వరస కట్టిన తరం ఇంకా ఉంది. అరవైలు, డెబ్బైల్లో వారపత్రికలను ఏలింది రచయిత్రులే. అయినా యుగంధర్ సరసన నిలబెట్టదగ్గ ఆడ డిటెక్టివ్ పేరు చెప్పమంటే తెలుగు పాఠకుడు తడుముకోవాల్సిందే. ఇది లోటు.

సరుకు లేక కాదు. పెళ్లిపందిరిలో వియ్యపురాలి మెడలో కాసులపేరు చూసి అది గిల్టుదని పసిగట్టగలిగేది ఎవరు? అసలుది ఎప్పుడు తాకట్టుకు వెళ్లిందో, ఎవరి అప్పు తీర్చడానికి వెళ్లిందో, ఆ గుట్టు దాచడానికి ఎవరు ఎంతకు తెగించారో అక్కణ్నుంచి అల్లుకుపోవచ్చు. సీమంతం, ఓణీల వేడుక, అపార్టుమెంటు కిట్టీ పార్టీ, బ్యూటీ పార్లర్, పెళ్లిచూపులు... ఇన్‌స్పెక్టర్‌కు అందని సాక్ష్యం దొరికే చోట్లు మనకు కోకొల్లలు. చక్కగా చీర కట్టుకుని నలుగురిలో కలిసిపోయే తెలివైన ఆడమనిషి, అయిదారుగురు అనుమానితులు, కళ్లెదుటే ఉన్నా కంటబడని ఒక్క ఆధారం ఉంటే పది పేజీల కథ సిద్ధం. ఆధారాన్ని పాఠకుడి ముందు దాచకుండా పెట్టాలి, తర్కంతో విప్పాలి. ‘ఆమెకెందుకో అనిపించింది’ అని మాత్రం రాయకూడదు.

రాసేలోపు అనువాదాలైనా వస్తే బాగుంటుంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 60 ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది. పిర్కిస్ 1910లో, సిమ్స్ 1922లో, గ్రీన్ 1935లో, ఫుట్నర్ 1944లో, ఆర్ట్సీ 1947లో కన్నుమూశారు. అంటే లవ్‌డే బ్రూక్, డోర్కాస్ డీన్, వయొలెట్ స్ట్రేంజ్, మేడమ్ స్టోరీ, లేడీ మోలీ... అందరి కథల్నీ ఇవాళ ఎవరి అనుమతీ లేకుండా తెలుగు చేసుకోవచ్చు. వారానికో కథ చొప్పున వేసినా లేడీ మోలీ ఒక్కతే ఓ పత్రికను మూడు నెలలు నడిపిస్తుంది. సంపాదకులూ ప్రచురణకర్తలూ ఆ పని మొదలుపెట్టాలి. రచయితలు మాత్రం అనువాదాల దగ్గర ఆగిపోకుండా మన గడపలు దాటి వెళ్లే మన డిటెక్టివ్‌ను సృష్టించాలి. ఆమె ఈ పని ఎందుకు చేస్తోందంటే ఒక్క జవాబు చాలు: చేతనవును కాబట్టి.